ఇంటి కంప్యూటర్లలో బేసిక్: నింద ఎవరికి?

బేసిక్ చరిత్ర రాసేవాళ్లు ఎక్కువగా రెండు మాటలతో సరిపెడతారు. ఇంటి కంప్యూటర్లకు ఆ భాషను ఇచ్చింది మైక్రోసాఫ్ట్ అన్నది ఒకటి. అది ఒక తరం ప్రోగ్రామర్ల బుర్ర పాడుచేసిందన్నది రెండోది. మొదటి మాట సగం నిజం. రెండోదానికి సాక్ష్యంగా డైక్‌స్ట్రా 1975లో చేసిన ఘాటు వ్యాఖ్యను ఇప్పటికీ చూపిస్తుంటారు. ఆల్టెయిర్ 8800 కిట్ జనం చేతికి అందడం మొదలైందే ఆ ఏడాది. కాబట్టి ఆయన తిట్టింది ఇంట్లో పెట్టుకునే బేసిక్‌ను అయ్యుండే అవకాశం తక్కువ.

తొలి దశలు తెలిసినవే. 1964లో డార్ట్‌మత్ కళాశాలలో కెమెనీ, కర్ట్జ్ రూపొందించిన బేసిక్ అసలు ఇంటర్‌ప్రెటరే కాదు, కంపైలర్. ఆల్టెయిర్ కోసం 1975లో గేట్స్, ఆలెన్ బేసిక్ ఇంటర్‌ప్రెటర్ రాశారు. అందులో దశాంశ సంఖ్యల లెక్కల భాగం మాంటీ డేవిడాఫ్‌ది. ఆ పేరు చాలా పుస్తకాల్లో జారిపోతుంది. 1976లో గేట్స్ హాబీయిస్టులను దొంగలంటూ బహిరంగ లేఖ రాశాడు. అదే ఏడాది టైనీ బేసిక్ కోడ్ డాక్టర్ డాబ్స్ పత్రికలో అచ్చయి చేతులు మారింది. వోజ్నియాక్ ఆపిల్ కోసం సొంతంగా ఇంటీజర్ బేసిక్ రాసుకున్నాడు. మైక్రోసాఫ్ట్ లేకపోతే ఇళ్లల్లోకి బేసిక్ వచ్చేదే కాదన్న వాదన ఇక్కడే వీగిపోతుంది.

నా పేచీ ఆ తర్వాతి ఐదారేళ్ల గురించి. ‘బేసిక్ చెడ్డ అలవాట్లు నేర్పింది’ అనేవాళ్లు భాషనూ ఇంటర్‌ప్రెటర్‌నూ ఒకే గాటన కట్టేస్తారు. కమడోర్ 64 సంగతి చూడండి. అందులోని మైక్రోసాఫ్ట్ వంశపు బేసిక్ వేరియబుల్ పేరులో మొదటి రెండు అక్షరాలనే గుర్తిస్తుంది. వెనకనున్న లైనుకు గోటూ చేస్తే ప్రోగ్రాం మొదటినుంచి ఒక్కో లైనూ వెతుక్కుంటూ వస్తుంది. లైనులో రాసిన అంకెను అది అమలైన ప్రతిసారీ అక్షరాల నుంచి సంఖ్యగా మార్చుకుంటుంది. అందుకే అనుభవజ్ఞులు సున్నా రాయాల్సిన చోట ఉత్త చుక్క పెట్టేవారు, అది త్వరగా తెమిలేది! తరచూ వాడే సబ్‌రొటీన్లను ప్రోగ్రాం తలభాగంలో పెట్టేవారు, రిమార్కులు తీసేసేవారు. అర్థమయ్యే పేర్లు, వివరణలు, పద్ధతైన అమరిక లాంటి మంచి అలవాట్లన్నిటికీ సుంకం వేసింది ఇంటర్‌ప్రెటరే.

అప్పటికి అంతకన్నా ఎవరికీ చేతకాలేదా అంటే, అదీ కాదు. కమడోర్ దగ్గర 1980 నాటికే పెట్ యంత్రాల కోసం మెరుగైన బేసిక్ 4.0 ఉంది. అయినా 1982లో వచ్చిన 64లో పెట్టింది పాత 2.0నే, ఎందుకంటే అది 8 కిలోబైట్ల రోమ్‌లో పడుతుంది. ఆ యంత్రానికి ఉన్నంత మంచి బొమ్మలు, ధ్వని చిప్పులు అప్పట్లో తక్కువ. వాటికోసం బేసిక్‌లో ఒక్క ఆదేశమూ లేదు. తెర అంచు నల్లగా కావాలంటే పోక్ 53280,0 అని కొట్టాలి. ఇది భాష పేదరికం కాదు, అమ్మేవాడి పొదుపు.

దీనికి ఎదురు సాక్ష్యం 1981 చివర్లో బ్రిటన్‌లో వచ్చిన బీబీసీ మైక్రో. ఎకార్న్ సంస్థలో సోఫీ విల్సన్ రాసిన బేసిక్‌కు 16 కిలోబైట్ల రోమ్ దక్కింది. పొడవాటి పేర్లు, స్థానిక వేరియబుల్స్ ఉన్న ప్రొసీజర్లు, రిపీట్–అంటిల్, బేసిక్ మధ్యలోనే అసెంబ్లీ రాసుకునే వీలు అందులో ఉన్నాయి. వేరియబుల్స్‌ను మొదటి అక్షరాన్ని బట్టి వేర్వేరు జాబితాల్లో ఉంచుతుంది కాబట్టి వెతుకులాట తక్కువ. వేగంలో కొంత వాటా 2 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌ది, అది ఒప్పుకోవాలి. లైన్ నంబర్లు అందులోనూ ఉన్నాయి. అనేక లైన్ల ఇఫ్, వైల్ రావడానికి 1987 నాటి ఆర్కిమిడీస్ దాకా ఆగాల్సి వచ్చింది. నాణ్యమైన తెర మోడ్‌లకు 32 కిలోబైట్లలో 20 పోయేవి. మోడల్ బి ధర 399 పౌండ్లకు పెరిగింది. 16 కిలోబైట్ల స్పెక్ట్రమ్ 125కే దొరికేది. అయినా తేడాకు అసలు కారణం ప్రతిభ ఒక్కటే కాదు, గిరాకీ ఎవరిదన్నది. ఇక్కడ యంత్రం అడిగింది పాఠం చెప్పదలచిన ప్రసార సంస్థ. బేసిక్‌ను అది బోధన సాధనంగా చూసింది, ఖర్చు పద్దుగా కాదు. ఆ తర్వాత ఏఆర్‌ఎం ప్రాసెసర్ నమూనాను విల్సన్ సరిచూసుకున్నది కూడా ఈ బేసిక్‌లోనే.

మన దేశంలో 1984లో మొదలైన ‘క్లాస్’ పథకం కింద బడులకు వెళ్లింది బీబీసీ మైక్రోలే. కానీ తర్వాతి తరం విద్యార్థులకు బేసిక్ అంటే పీసీల మీది జీడబ్ల్యూ బేసిక్. పదేసి అంకెల తేడాతో లైన్ నంబర్లు, గోటూ, పరీక్ష. బేసిక్ మీద ఇక్కడి చులకన చాలావరకు ఆ జ్ఞాపకం నుంచే వచ్చిందని నా అనుమానం.

ఇప్పుడు బడుల్లో పైథాన్ వచ్చింది, అది మేలే. స్విచ్ వేయగానే రెడీ అనే తెర ఉండబట్టే ఆనాటి పిల్లలంతా ప్రోగ్రామర్లయ్యారన్న వ్యామోహపు కథను మాత్రం నేను నమ్మను. చాలామంది క్యాసెట్‌లో ఆట లోడ్ చేసే ఆదేశం దాటి వెళ్లలేదు. పాత ఆటలను భద్రపరచడంలో ఉన్న శ్రద్ధ ఇంటర్‌ప్రెటర్ల కోడ్ చదవడంలో లేదు. 2020లో జీడబ్ల్యూ బేసిక్ అసెంబ్లీ కోడ్‌ను మైక్రోసాఫ్ట్ బయటపెట్టింది, చదివి వివరించినవాళ్లు తక్కువే. రిచర్డ్ రసెల్ చేతిలో బీబీసీ బేసిక్ మాత్రం విండోస్, లినక్స్, ఆండ్రాయిడ్‌ల దాకా నడిచింది. ఇకమీదట ఎవరైనా బేసిక్‌ను తప్పుపట్టాలంటే అది ఏ సంవత్సరంది, ఏ యంత్రానిది, ఎన్ని కిలోబైట్ల రోమ్‌లో ఇరికించింది అన్న మూడూ చెప్పాకే తప్పుపట్టాలి.