వాంపీర్: ఇంజను లేని విమానము

గ్రద్ద రెక్క విదల్పకయే ఆకాశమున చాలసేపు తేలియాడుటను మనమందరము చూచియే యుందుము. మొదటి ప్రపంచ యుద్ధానంతరము జర్మనీ విద్యార్థులు కొందరు ఆ విద్యను కొయ్యతో సాధించిరి.

1919 నాటి వర్సేల్స్ సంధి జర్మనీకి సైనిక విమానదళము లేకుండ చేసెను. విమానములను, ఇంజనులను నిర్మించుటకును కొంతకాలము నిషేధ మేర్పడెను. అయితే ఇంజను లేని గ్లైడర్లకు ఆ నిషేధము వర్తింపలేదు. 1920లో ర్యోన్ పర్వతములలోని వాసర్‌కుప్పె కొండపై గ్లైడర్ల పోటీలు ఆరంభమయ్యెను.

1921లో ఆ పోటీలకై హానోవర్ సాంకేతిక విద్యాలయపు విద్యార్థులు సిద్ధపరచిన గ్లైడరే ‘వాంపీర్’. అందు ఒక్కరికే చోటు. దానిని రూపకల్పన చేసినవాడు గేఓర్గ్ మాడెలుంగ్. నిర్మించినది ఆ నగరమందలి రైలుపెట్టెల కర్మాగారము.

గ్లైడరునకు బరువొక శత్రువు, గాలి యొడ్డు నిరోధము మరొక శత్రువు. పొడవైన సన్నని రెక్క గాలిలో సులువుగ సాగును. కాని మెలిపడి విరుగు ప్రమాదము కలదు. అందులకై పూర్వము రెక్కలో రెండు దూలములు వేసి, తీగలతో బిగించెడివారు. ఆ తీగలే మరల గాలికి అడ్డమగుచుండెను. మాడెలుంగ్ ఒకే దూలము నుంచి, దాని ముందుభాగమును పలుచని ప్లైవుడ్‌తో గొట్టమువలె మూసెను. రెక్క వంగకుండ దూలము, మెలిపడకుండ గొట్టము కాపాడెను. వెనుకభాగమునకు గుడ్డ కప్పిన చాలెను. ఇట్లు 12.6 మీటర్ల రెక్క గల గ్లైడరు సుమారు 120 కిలోల బరువుతో సిద్ధమయ్యెను. నేలపై దిగుటకు చక్రములకు బదులు మూడు తోలుబంతుల నమర్చిరి.

1911లో ఓర్విల్ రైట్ గ్లైడరుపై 9 నిమిషముల 45 సెకండ్లు గాలిలో నిలిచెను. ఆ రికార్డు పదేండ్ల వరకు చెదరలేదు. 1922 ఆగస్టు 18న ఆర్థర్ మార్టెన్స్, కొండవాలును తాకి పైకెగయు గాలిని ఆధారముగ గొని, వాంపీరులో గంటకు పైగా ఎగిరెను. అదే నెల 24న అతని సహచరుడు హెంట్జెన్ మూడు గంటలను దాటెను. ఆ ఏకదూలపు రెక్కయే తరువాతి కొయ్య గ్లైడర్లకు ఒరవడి యయ్యెను.

అయితే ఈ కథకు మరొక పార్శ్వము కలదు. 1933 తరువాత నాజీ ప్రభుత్వము గ్లైడరు సంఘములను తన అధీనము చేసికొని, వానిద్వారా యువకులకు వైమానిక శిక్షణ నిప్పించెను. 1935లో తన వైమానికదళమును బహిరంగముగ ప్రకటించెను. విద్యార్థులు ఉత్సాహముతో పెంపొందించిన విద్య యుద్ధ సన్నాహమునకు మెట్టు అయ్యెను. వాంపీర్ మాత్రము మ్యూనిక్ నగరపు డాయిచెస్ మ్యూజియమున భద్రపరుపబడినది. ఆ రెక్కను చూచువారు దానిని మలచిన మేధను మెచ్చుకొనుటతోపాటు, ఆ మేధ పిదప ఎవరి చేత చిక్కెనో కూడ స్మరింపవలెను.