పిల్లల మూర్ఛ మందు – లాలాజల పరీక్ష

కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలోని తెలుగువారి ఇళ్ళలో 'మూర్ఛ' అనబడేది ఆసుపత్రి గుమ్మం దాటగానే 'వలిప్పు' అవుతుంది. మందు వాడుతున్న బిడ్డకు మళ్ళీ మూర్ఛ వచ్చినపుడు వైద్యునికి ముందుగా తేలవలసినది ఒకటే: మోతాదు చాలలేదా, లేక బిడ్డ మందు మింగలేదా? మింగని బిడ్డకు మోతాదు పెంచితే, తరువాత క్రమంగా మింగిననాడు అదే మందు విషమవుతుంది. ఈ సందేహం తీర్చేది రక్తపరీక్ష. సూదికి బెదిరే పిల్లలకు, కొన్ని మందుల విషయంలో, లాలాజలం ఆ పని చేయగలదు.

రక్తంలోని మందులో కొంత మాంసకృత్తులను అంటిపెట్టుకొని ఉంటుంది. విడిగా మిగిలినదే మెదడుకు చేరి పనిచేస్తుంది. లాలాజలంలోకి ఊరేదీ అదే. ఫెనిటాయిన్ సుమారు 90 శాతం అంటుకొనే ఉంటుంది. కనుక రక్తరసంలో మిల్లీలీటరుకు 10–20 మైక్రోగ్రాములు ఉండవలసిన చోట లాలాజలంలో 1–2 మాత్రమే కనబడుతుంది. దానిని చూచి మందు తగ్గినదని కంగారుపడరాదు. కార్బమజెపైన్ రక్తరసంలోని దానిలో సుమారు నాలుగోవంతు నుండి మూడోవంతు వరకు ఉంటుంది. ఫినోబార్బిటాల్ లాలాజలపు ఆమ్లగుణాన్ని బట్టి మారుతుంది. పిల్లలకు విరివిగా వ్రాసే వాల్‌ప్రోయేట్‌కు మాత్రం ఈ పద్ధతి నమ్మదగినది కాదు.

ఇంట్లో జరిగేది సేకరణ మాత్రమే, కొలిచేది ప్రయోగశాల. చక్కెర చూచే గ్లూకోమీటరుతో దీనిని పోల్చరాదు. 'ఉమిళ్‌నీర్' (లాలాజలానికి తమిళ పదం) తీసుకొంటారా అని ప్రయోగశాలను ముందే అడగడం మేలు. ఉదయం మందు వేయకమునుపే, నీటితో పుక్కిలించి కొంతసేపు ఆగిన పిదప, శుభ్రమైన సీసాలో సేకరించాలి. సిరప్ గాని, నమిలే మాత్ర గాని నోట మిగిలితే అంకె అబద్ధంగా పెరుగుతుంది. చిగుళ్ళ రక్తం కలిసినా అంతే. ఫెనిటాయిన్ వాడే పిల్లలకు చిగుళ్ళు ఉబ్బడం మామూలే కాబట్టి ఇది గమనించాలి. సేకరించిన వేళ, కడపటి మోతాదు వేళ సీసాపై వ్రాయాలి.

అంకె చూచి తల్లిదండ్రులే మోతాదు మార్చడం అపాయకరం. ఫెనిటాయిన్‌ను విరిచే కాలేయపు శక్తికి హద్దున్నది; ఆ హద్దు చేరాక కొద్దిపాటి పెంపు కూడా రక్తంలో మందును ఎన్నో రెట్లు పెంచి, నడక తూలేట్లు చేస్తుంది. హఠాత్తుగా మానితే ఆగని మూర్ఛ రావచ్చు. ఐదు నిమిషాలకు మించి మూర్ఛ ఆగకపోతే ఏ పరీక్షకోసమూ ఆగక బిడ్డను వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.