మూసీ దిగువన న్యాయం

యాదగిరిగుట్ట నుంచి భువనగిరి మీదుగా వలిగొండ వైపు పోతే మూసీ ఎదురవుతుంది. నగరం వాడి వదిలిన నీరే అక్కడి పొలాలకు ఆధారం. అందువల్ల “కాలుష్యానికి కారకుడే మూల్యం చెల్లించాలి” అన్న సూత్రం నాకు కేవలం న్యాయశాస్త్ర చర్చగా తోచదు.

ప్రమాదకరమైన వస్తువును తన నేలలో నిలువచేసినవాడు, అది వెలుపలికి పొక్కి పొరుగువానికి హాని చేస్తే, నిర్లక్ష్యం లేకున్నా బాధ్యుడేనని 1868లో రైలాండ్స్–ఫ్లెచర్ వ్యాజ్యంలో ఇంగ్లండు ప్రభువుల సభ తేల్చింది. దైవికం వంటి మినహాయింపులు మాత్రం మిగిలాయి. భోపాల్ ఘోరం జరిగిన ఏడాదికి, 1985 డిసెంబరులో, ఢిల్లీలోని శ్రీరామ్ కర్మాగారం నుంచి ఓలియం వాయువు వెలువడింది. ఆ మినహాయింపులేవీ ప్రమాదకర పరిశ్రమలకు చెల్లవని 1986లో జస్టిస్ భగవతి ధర్మాసనం ప్రకటించింది.

మరి మన గడ్డ మీద ఏం జరిగింది? పటాన్‌చెరు కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టులో దాఖలైన వ్యాజ్యం 2001లో హైకోర్టుకు, 2013లో హరిత ట్రిబ్యునల్‌కు చేరింది. తీర్పు వచ్చింది 2017లో. ఇరవై ఏడేళ్ళు! ఈలోగా అక్కడి వ్యర్థజలాలను శుద్ధిచేసి, 18 కిలోమీటర్ల గొట్టం ద్వారా అంబర్‌పేట వైపు మళ్ళించారు. నక్కవాగు, మంజీరల భారం ఆ విధంగా మూసీకి సంక్రమించింది.

ఇందుకు భిన్నమైనది హిమాయత్‌సాగర్ కథ. జలాశయాలకు 10 కిలోమీటర్ల లోపల కాలుష్యకారక పరిశ్రమలు కూడదన్న నిషేధం ఉండగా, పెద్దషాపూర్‌లో ఒక నూనె ఉత్పత్తుల కర్మాగారం తలపెట్టారు. కాలుష్య నియంత్రణ మండలి కాదన్నా ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది. ఎం.వి.నాయుడు కేసుగా పేరొందిన ఆ వివాదంలో, హాని లేదని నిరూపించుకొనే భారం పరిశ్రమదేనని 1999లో జస్టిస్ జగన్నాథరావు ధర్మాసనం తీర్పునిచ్చింది. 2000లో ఆ మినహాయింపునూ కొట్టివేసింది.

నా దృష్టిలో ఈ రెండవ మార్గమే విలువైనది. ఓలియం వాయువు ఏ కర్మాగారం నుంచి వచ్చిందో అందరికీ తెలుసు. నదిలో కలిసిన విషానికి చిరునామా ఉండదు. వలిగొండ రైతు తన మడిలో చేరిన నీటిలో ఏ చుక్క ఎవరిదని రుజువు చేయగలడు? పరిహారసూత్రం ఎంత గొప్పదైనా, ప్రతివాది పేరు తెలియని వానికి అది అందని పండే.

రుజువు భారాన్ని పై ఒడ్డున ఉన్నవారిపై మోపిన ఆ తీర్పు ఒక జలాశయాన్ని కాపాడింది. దిగువనున్న మూసీకి అదే న్యాయం ఎందుకు వర్తించకూడదు? ఆలోచించండి.