ఆగని నీలం

అయిదు నిమిషాల్లో రంగు కుదురుకోవాలి. కుదురుకోలేదు.

బోస్టన్‌, హార్వర్డ్ మెడికల్ స్కూల్. డుబాస్క్ కలరీమీటర్‌లోకి చూస్తున్నది మన భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు. ఒక గొట్టంలో కొలత తెలిసిన ఫాస్ఫేటు, రెండో దాంట్లో పిల్లి కండరం నుంచి తీసిన ద్రవం. రెండు నీలాలూ ఒకేలా కనిపించేదాకా మర తిప్పి, ఎంత తిప్పామో చూసి లెక్క కట్టాలి. తెలిసిన నీలం స్థిరంగానే ఉంది. కండరం నీలం మాత్రం నిమిష నిమిషానికీ చిక్కబడుతోంది.

ఆ పద్ధతి ఆయన చేతుల్లో తయారైందే. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ప్రకటించారు. ఆమ్లంలో ఫాస్ఫేటు మాలిబ్డేట్‌తో కలుస్తుంది. దానికి అమినోనాఫ్థాల్‌సల్ఫానిక్ ఆమ్లం చేరిస్తే నీలం పుడుతుంది. ఫాస్ఫేటు ఎంతుంటే నీలం అంత. రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్‌ను చకచకా కొలవడానికి వీలైంది. రక్తంలో ఇబ్బంది పెట్టని పద్ధతి కండరం దగ్గరికొచ్చేసరికి మొరాయించింది.

రసాయనాలు పాడయ్యాయనో, ద్రవంలో మలినం ఉందనో సరిపెట్టుకోవచ్చు. రంగు ఆగేదాకా చూసి, ఆ చివరి అంకె రాసుకుని ముందుకు పోవచ్చు. వాళ్ళిద్దరూ అలా చెయ్యలేదు. మొదట తక్కువగా ఉండి క్రమంగా పెరుగుతోందంటే, పరీక్ష జరుగుతుండగానే ఏదో విరిగి ఫాస్ఫేటును వదులుతున్నట్టు. ఆ విరిగేది ఏమిటి? దాన్ని వెతికి పట్టుకున్నారు. ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేస్తే తరుగుతుంది, విశ్రాంతి దొరికితే మళ్ళీ కూడుతుంది.

1927లో ‘సైన్స్’ పత్రికలో ఆ సంగతి వెలువడింది. కండరం కదలికకు లాక్టిక్ ఆమ్లమే మూలమని లోకం నమ్ముతున్న రోజులవి. కండరాల మీద పరిశోధనకే 1922 నోబెల్ బహుమతి హిల్, మేయర్‌హాఫ్‌లకు దక్కింది. ఆ నమ్మకం కదిలింది. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులూ అదే పదార్థం జాడ పట్టారు, వాళ్ళ వాటా వాళ్ళకివ్వాలి. 1929లో కణాలకు శక్తినందించే ఏటీపీ విషయంలోనూ అంతే. జర్మనీలో లోమన్, హార్వర్డ్‌లో వీళ్ళు, ఎవరికి వారే కనుక్కున్నారు.

సుబ్బారావు పేరు చెప్పగానే మనకు మందులే గుర్తొస్తాయి. గుర్తు రావాలి కూడా. 1940లో లెడర్లీ కంపెనీకి మారాక ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆయన తోబుట్టువులిద్దరిని కొద్ది రోజుల తేడాలో పొట్టనబెట్టుకున్న స్ప్రూ వ్యాధికి అదే మందయింది. 1947లో అక్కడే హెట్రజాన్ వచ్చింది. బోదకాలు పీడించిన మన గోదావరి ఊళ్ళలో ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర అదే. మరుసటి ఏడాది ఆగస్టులో, 53 ఏళ్ళకే ఆయన వెళ్ళిపోయారు. ఆ మందులకు చేతులెత్తి మొక్కుతూనే అంటున్నాను: కుదరని అంకెను కొట్టిపారెయ్యకుండా దాని వెంటపడిన ఆ పరిశోధనే ఆయన చేసిన అన్నిటిలోకీ గొప్పది.

ఇవాళ తునిలో కిడ్నీ జబ్బు మనిషి రక్తం ఇస్తే, రిపోర్టులో ‘సీరం ఫాస్ఫరస్’ అని ఒక వరుస ఉంటుంది. దాన్ని కొలవడానికి ల్యాబులు నేటికీ ఎక్కువగా నమ్ముకున్నది మాలిబ్డేట్‌నే. చాలా యంత్రాలు నీలం దాకా కూడా ఆగవు, అంతకు ముందే అతినీలలోహిత కాంతితో లెక్క తేల్చేస్తాయి. ఆ అంకె చూసే డాక్టరు, పాలూ పప్పులూ ఎంత తినొచ్చో రోగికి చెబుతారు.