రైల్వేలో రంగు, తరగతి, మన ఇంటి భాష



విదేశాల్లో పని చేసే మన పిల్లలు అప్పుడప్పుడు అడుగుతుంటారు: "తెల్లవాడికి పుట్టుకతో వచ్చే సలిగె అంటారే, అది మన ఊళ్లల్లోనూ ఉండిందా?" ఉండింది. దాన్ని చూడాలంటే రైల్వే చరిత్ర చాలు. తమిళ మీడియంలో చదివి, రైల్వే గుమాస్తా పనిలో వెంట్రుకలు నెరిసిన మాకు తెలిసినంత చెబుతాము.

మద్రాసులో మొదటి రైలు 1856 జులై 1న రాయపురం నుంచి ఆర్కాటు దిక్కుకు నడిచింది. ఆ కాలంలో మెయిల్ బండి నడిపేది యూరోపియన్లు, ఆంగ్లో ఇండియన్లు. బొగ్గు వేసేది మనవాళ్లు. పెద్ద పదవులు, మంచి క్వార్టర్సు, క్లబ్బులు అన్నీ రంగును బట్టే. మూడో తరగతిలో కూడా యూరోపియన్లకని వేరుగా పెట్టె ఉండేది. టికెట్టు ఒకే తరగతి అయినా మనిషి ఒకే తరగతి కాదు. ఈ మూడో తరగతి కష్టాలను గాంధీ 1917లో రాసి పెట్టినాడు.

ఆంగ్లో ఇండియన్ల సంగతి మనం ఓపిగ్గా చూడాలి. వాళ్లు మనకు పై మెట్టు, దొరలకు కింది మెట్టు. దొర వాళ్లను తన బల్ల దగ్గర సమానంగా కూర్చోబెట్టుకోలేదు. అయినా రైల్వే ఉద్యోగం వాళ్ల చేతికి అందింది కాబట్టి ఆ మెట్టును పట్టుకొని నిలబడినారు. స్వాతంత్ర్యం వచ్చినాక రాజ్యాంగం 336వ అధికరణం రైల్వే, కస్టమ్స్, తపాలా, తంతి ఉద్యోగాల్లో వాళ్ల వాటాను రెండేళ్లకొకసారి పది శాతం చొప్పున తగ్గిస్తూ పదేళ్లలో ముగించింది. చాలామంది ఇంగ్లండుకు, ఆస్ట్రేలియాకు పోయినారు. పెరంబూరు, అరక్కోణం, పోదనూరు కాలనీల్లో నిలిచినవాళ్లు ఇంట్లో ఇంగ్లీషు, వీధిలో తమిళం అని బతికినారు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాలా?

తెల్లవాళ్లందరూ కూడా ఒకటి కాదు. మన వి.వి.గిరిగారు 1894లో బరంపురంలో పుట్టిన తెలుగువారు. 1913లో చట్టం చదవను డబ్లిన్ పోయినారు. అక్కడ తెల్లవాళ్లే తెల్లవాళ్ల కింద అణగి ఉండేది చూసినారు. ఐర్లండు పోరాటంతో సంబంధం ఉందని 1916లో ఆయన్ను పంపేసినారు. ఆయనే 1928లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికులతో, పనిలోనుంచి తీసేసినవారి కోసం, అహింసగా సమ్మె చేయించినారు. ఖరగ్‌పూర్ లో ఆ రైల్వేను నమ్ముకొని బతికిన తెలుగు ఇళ్లు ఎన్నో. రంగు ఒక్కటే కాదు, కూలి కూడా మనిషిని విడదీస్తుందని ఆయనకు తెలుసు.

ఇప్పుడు మన మాటకు వద్దాము. దొరలు పోయినారు. 1974లో మూడో తరగతి అన్న పేరూ పోయింది. అయితే మన తెలుగువాళ్లలోనే చదువు దొరికిన ఇంటివాడు గుమాస్తా అయినాడు. చదువు దొరకని కులంలో పుట్టినవాడు గ్యాంగ్‌మ్యాన్ అయి ఎండలో పట్టాలు చూసుకుంటా నడిచినాడు. ఇద్దరి ఇంట్లోనూ తెలుగే. పెండ్లికి పిలుపు మాత్రం వేరువేరు.

మన సంఘం చరిత్ర పుస్తకం వేయాలనుకుంటున్నాము. ఇంతవరకు చేరిన ఫొటోలు, కాగితాలు ఎక్కువగా గుమాస్తాల, స్టేషన్ మాస్టర్ల ఇళ్లవే. గ్యాంగ్‌మ్యాన్, పోర్టరు, ఊడ్చే పని చేసినవారి ఇళ్లలో ఫొటో ఉండదు, జ్ఞాపకం ఉంటుంది. ఆ ముసలివాళ్లు ఇంకా ఉన్నప్పుడే పోయి కూర్చొని అడగాలి. వాళ్ల తెలుగులో తమిళం కలిసి ఉంటే దిద్దవద్దు, అట్లనే రాసుకోండి. మన పుస్తకంలోనూ యూరోపియన్ పెట్టె, మూడో తరగతి పెట్టె అని రెండు ఉండకూడదు.

ఎవరి ఇంట పెద్దలు ఉన్నారో కార్యదర్శిగారికి తెలపండి. పోయి రాసుకొని వచ్చే పని మేము చూసుకుంటాము.