38-ఈ కోసం వెతుకులాట

పరకాలలో వకీలుగా ఉన్న మా బాబాయికి, తీర్పులు వెతికిపెట్టే కొత్త ఆన్‌లైన్ సాధనం ఒకటి నెలరోజులు ఉచితంగా ఇచ్చారు. డబ్బు కట్టొచ్చో లేదో చూసి చెప్పమని నన్ను కూచోబెట్టాడు. "సాఫ్ట్‌వేరోనివి కదరా!"

ముందు, జవాబు తెలిసిన ప్రశ్నే వేశాం. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టంలో 38-ఈ సెక్షను ప్రకారం, సర్కారు ప్రకటించిన తేదీ నుంచి కొన్ని షరతులకు లోబడి రక్షిత కౌలుదారే భూమికి యజమాని. ఆ రోజున భూమి అతని కబ్జాలో లేకపోతే? ‘సదా వర్సెస్ తహసీల్దార్, ఉట్నూరు’ క్షణంలో వచ్చింది. 1987 నాటి ఫుల్ బెంచి తీర్పు: కౌలు చట్టప్రకారం రద్దు కానంతవరకు, కబ్జా లేకపోయినా హక్కు పోదు.

"ఇది నాకు నోటికొచ్చు. నాకు తెల్వంది చెప్పమను," అన్నాడు బాబాయి.

ఆయన చేతిలో ఉన్నది మూడెకరాల కేసు. తాత రక్షిత కౌలుదారని మనవలంటారు. రుజువు కావాలంటే 1954-55 ఖాస్రా పహాణీ చూడాలి, దానికి ముందు సేత్వార్. నిజాం రాజ్యంలో 1880ల నుంచి కచేరీ భాష ఉర్దూ. లెక్క ఫస్లీల్లో, 590 కలిపితే మన సంవత్సరం. హైకోర్టు తీర్పులూ ఉర్దూలోనే ఉండేవి. ఈ సాధనానికి అసలు చరిత్రే ఇంగ్లీషుతో మొదలవుతుంది. సేత్వార్‌కి ‘హెచ్’ పెడితే ఒక జాబితా, తీసేస్తే ఇంకో జాబితా! జిల్లా పేరుతో వెతుకుదామంటే, పరకాల 2016 దాకా వరంగల్, తర్వాత వరంగల్ రూరల్, 2021 నుంచి హనుమకొండ.

అలాగని పాత రోజులే నయమనను. 2008లో సుశాంత్ సిన్హా ఇండియన్ కానూన్ పెట్టేదాకా, తాలూకా వకీలుకి ఏఐఆర్ సంపుటాలు కొనే స్తోమతుంటేనే తీర్పు దొరికేది. 2023లో సుప్రీంకోర్టే ఈ-ఎస్సీఆర్ పేరుతో తన తీర్పుల్ని ఉచితంగా పెట్టింది. అదే ఏడాది న్యూయార్క్‌లో ఇద్దరు వకీళ్ళు చాట్‌జీపీటీ అల్లిన తీర్పుల్ని కోర్టుకిచ్చి, 5,000 డాలర్ల జరిమానా కట్టారు.

మాకూ ఒకటి తగిలింది. అది చూపిన ఏఐఆర్ పేజీని గుమాస్తా బీరువాలోంచి తీస్తే, అక్కడున్నది అమ్మకం పన్ను కేసు. నేను చూడకపోతే ఏమయ్యేదో బాబాయి పైకి అనలేదు కానీ, ఆ సంపుటం మళ్ళీ బీరువాలో పెట్టనియ్యలేదు.

కొనమనే చెప్పాను, ప్రతి తీర్పూ అసలు చూశాకే కోర్టులో ఇచ్చే షరతు మీద. సేత్వార్ నకలు మాత్రం హనుమకొండలో ఉర్దూ చదివే పెద్దాయన దగ్గరికి సాయంత్రం బస్సులో గుమాస్తా పట్టుకుపోయాడు.