మొలతాడు వదులైంది

ఉదయం ఏడు. నాన్నను నిటారుగా కూర్చోబెట్టి వెనక దిండ్లు పెట్టాం. కుడి చెయ్యి ఒళ్లో పడి ఉంది. రాగి జావను అమ్మ చిక్కగా కాచింది, పల్చగా ఉంటే పొరబోతుందని. అర చెంచా నోట్లో పెట్టి, "గడ్డం దించండి, ఇప్పుడు మింగండి" అంటోంది. గొంతుముడి పైకి లేచి, ఒక్క క్షణం ఆగి, కిందికి దిగింది. అమ్మ ఊపిరి వదిలింది.

గిన్నె ఖాళీ కావడానికి నలభై నిమిషాలు. పక్షవాతం వచ్చిన కొత్తలో దాదాపు సగంమందికి ఇవే పాట్లు.

ఆరు వారాల కిందట ఎమర్జెన్సీ గుమ్మంలో డాక్టరమ్మ అడిగినవి రెండే: "ఎన్నింటికి మొదలైంది? బరువెంత?" గడ్డ కరిగించే మందు కిలోకు 0.9 మిల్లీగ్రాములు. నాన్న 80 కిలోలు, అంటే 72. అందులో పదో వంతు ఒక్కసారిగా, మిగతాది గంటసేపు ఎక్కించారు.

మొన్న వీల్‌చైర్‌తో సహా తూచి కుర్చీ బరువు తీసేస్తే 73.

"పోనీలేరా, ఒళ్లు తగ్గడం మంచిదేగా" అంది పెద్దమ్మ. అమ్మ మాట్లాడలేదు. జారిపోతున్న మొలతాడును బిగించి ఇంకో ముడి వేసింది.

స్నానం అయ్యాక ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చాడు. రెండు తొడలకూ టేపు చుట్టి చూశాడు. కుడిది చిక్కిపోయింది. "పోయిందంతా కొవ్వు కాదండీ, కండ కూడా. నిలబడాలంటే అదే కావాలి."

పెద్దమ్మను తప్పుపట్టలేను. అధిక బరువు బీపీకీ, షుగరుకూ, పక్షవాతానికీ దారి తీస్తుందన్నది నిజమే. కానీ జబ్బు వచ్చాక, కాస్త ఒళ్లున్నవాళ్లే ఎక్కువమంది బతికారని చాలా పరిశీలనల్లో తేలింది. ఎందుకన్నదాని మీద వైద్యులు ఇంకా వాదించుకుంటున్నారు. అంతకుముందే వేరే జబ్బులతో చిక్కినవాళ్లు బక్కవాళ్ల లెక్కలో కలవడమూ ఒక కారణం కావచ్చు. వాదన లేనిదొకటుంది: 2003లో వెలువడిన 'ఫుడ్' అనే అధ్యయనం మూడు వేలమందికి పైగా పక్షవాత రోగులను చూసింది. పోషణ చాలని స్థితిలో ఆస్పత్రికి వచ్చినవాళ్ల గతి ఆరు నెలలకు ఎక్కువగా చెడింది. అందుకే నాకు భయం పెంచుతున్నది నాన్న పాత పొట్ట కాదు, ఈ ఏడు కిలోలు.

"పెద్దాయనా, లేద్దామా? ఒకటి, రెండు..."

నడుం బెల్టు పట్టి లేపాడు. కుడి మోకాలు వణికింది. తన మోకాలు దానికి ఆనించి ఆపాడు. నాన్న నుదురు చెమటతో తడిసింది. ఎనిమిది అంకెలు లెక్కపెట్టాక కూర్చున్నాడు. కళ్లు ఖాళీ గిన్నె మీదికి పోయాయి.

"ఇం... కో..."

అమ్మ అప్పటికే వంటింట్లో గుడ్డు మెత్తగా మెదుపుతోంది.